కొత్త చక్రానికి పరీక్ష

విసరు చక్రాన్ని గొలుసుల బుట్టలో పడవేసే క్రీడ డిస్క్ గోల్ఫ్. తక్కువ విసురులతో గమ్యం చేరినవారే విజేతలు. 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్ హెడ్రిక్ దీనికి తొలి శాశ్వత మైదానాన్ని రూపొందించాడు. చక్రాలు ప్రధానంగా మూడు విధాలు: దూరానికి డ్రైవర్, చేరువకు పటర్, నడిమి దూరానికి మిడ్‌రేంజ్.

యువత మనసు డ్రైవర్ పైకే పోతుంది. కాని చేతివేగం చాలకపోతే అది త్వరగా పక్కకు ఒరిగి నేల వాలుతుంది. మిడ్‌రేంజ్ తక్కువ వేగానికీ తిన్నగా సాగుతుంది. విసురులోని లోపాన్ని ఎత్తిచూపుతుంది. కనుక కొత్తగా నేర్చేవారికి అదే మంచి గురువని నా అభిప్రాయం.

అయితే కొత్త చక్రపు గుణం ఒక్క విసురుతో తేలదు. సముద్రపు గాలి వీచే మచిలీపట్నం వంటి చోట ఎదురుగాలికి చక్రం తిరగబడబోతుంది. వాలుగాలికి త్వరగా దిగిపోతుంది. అందుచేత రెండు దిక్కులకూ, ఒకే పట్టుతో, పాత చక్రంతో పోల్చుతూ పలుమార్లు విసిరి చూడాలి. అప్పుడే దోషం చక్రానిదో, చేతిదో తెలుస్తుంది.

వివేకవంతుడైన దివిసీమ రైతు కొత్త వంగడాన్ని పొలమంతా చల్లడు. ముందు ఒక్క మడిలో వేసి చూస్తాడు. పనిముట్టు ఏదైనా పద్ధతి అదే. ప్రకటన చూసి నమ్మడం సులభం. పరీక్షించి నమ్మడమే విద్య.