బఠానీ తీగ, వెండితెర

1912వ సంవత్సరంలో దాదాసాహెబ్ ఫాల్కే ఒక కుండీలో బఠానీ గింజలు నాటి, దాని ఎదుట కెమెరా నిలిపారు. గింజ మొలకెత్తడం, మొలక తీగగా సాగడం నెలకు పైగా ఓపికతో చిత్రించారు. తెరమీద చూపినప్పుడు ఆ నెలరోజుల ఎదుగుదల అంతా నిమిషం పైచిలుకులో ముగిసింది. చూపరులు దిగ్భ్రాంతులయ్యారు. 'రాజా హరిశ్చంద్ర'కు పెట్టుబడి సమకూరడానికి ఆ చిన్న చిత్రమే తోడ్పడింది.

1913లో విడుదలైన ఆ చిత్రంలో హరిశ్చంద్రుని కుమారుడుగా నటించినవాడు ఫాల్కే కొడుకు భాలచంద్ర. ముడి ఫిల్ముకు అంచుల వెంట రంధ్రాలు వేసినది ఆయన భార్య సరస్వతీబాయి. 1919 నాటి 'కాళీయ మర్దన్'లో బాలకృష్ణుడుగా కనిపించినది కూతురు మందాకిని. మన చలనచిత్రం ఒక ఇంటిలో, పిల్లల నడుమ పుట్టిందన్నమాట!

ముంబయి పెడ్డర్ రోడ్డులో 2019 జనవరి 19న ప్రారంభమైన భారతీయ సినిమా జాతీయ మ్యూజియంలో పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక ఫిల్ము స్టూడియో ఏర్పరచడం ఆ విధంగా ఎంతో సముచితం. కెమెరా, దీపాలు, నటన మొదలైనవి పిల్లలు స్వయంగా చేసి తెలుసుకోవాలన్నదే దాని ఉద్దేశం.

అందులోని విద్యలలో ఒకటి బొమ్మకు ప్రాణం పోయడం. మట్టిబొమ్మ చేతిని వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్ళీ కదిపి మరొకటి తీస్తారు. తెరపై క్షణానికి 24 బొమ్మలు సాగుతాయి గనుక, పది క్షణాల ఆటకు 240 బొమ్మలు కావాలి. విడివిడి బొమ్మలను మన కన్నూ మెదడూ కలిసి ఒకే కదలికగా కూర్చుకుంటాయి. రెండవది ఆకుపచ్చ తెర. దాని ముందు నిలిచిన బాలుని వెనుక ఉన్న పచ్చరంగును యంత్రం తొలగించి, ఆ చోట హిమాలయాలనైనా, సముద్రాన్నైనా చేర్చగలదు. ఆ బాలుడు పచ్చచొక్కా తొడుక్కుంటే మాత్రం తల, చేతులే మిగిలి మొండెం మాయమవుతుంది!

1957లోనే 'మాయాబజార్'కు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే చేసిన కెమెరా మాయలు తెలుగువారికి కొత్త కావు.

ఇదంతా వినోదం కోసమే అనుకుంటే పొరపాటు. నేటి పిల్లలకు దృశ్యాలు కరువు లేదు. అవి ఎలా తయారవుతాయో తెలియకపోవడమే కొరత. చేయని పనిని చేసినట్లు, అనని మాటను అన్నట్లు చూపే చిత్రాలు ప్రతి ఇంటి ఫోనులోకీ వచ్చిపడుతున్నాయి. ఒక మాయను తన చేతులతో కల్పించిన బిడ్డ, మరొక మాయను చూచినప్పుడు "ఇది ఎలా చేశారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నే వానికి రక్షణ.

ముంబయి వెళ్ళలేని వారు విచారించనక్కరలేదు. గుండ్రని అట్టకు ఒకవైపు పంజరం, మరొకవైపు తలక్రిందులుగా చిలుకను గీయాలి. కుడి ఎడమల దారాలు కట్టి గిరగిర త్రిప్పితే చిలుక పంజరంలో చేరుతుంది. లేదా కొబ్బరిచిప్పలో మట్టి పోసి నాలుగు పెసలు చల్లి, కదలకుండా నిలిపిన ఫోనుతో పూటకు రెండు మూడు ఫోటోలు తీయవచ్చు. వాటిని వరుసగా త్రిప్పి చూస్తే పెసరమొలక కళ్ళయెదుటే తల ఎత్తుతుంది.

పెద్దలు చేయవలసిన సాయం ఒక్కటే. మొలక వచ్చేదాకా పిల్లలతోపాటు తామూ వేచి ఉండాలి.