ఫ్యాక్ట్‌చెక్ సైట్లు ఆధారాలు చూపాలి

ఫ్యాక్ట్‌చెక్ సైటును ఎంతవరకు నమ్మవచ్చో అది వేసే ముద్రను బట్టి తెలియదు; ముద్రతో పాటు చూపే ఆధారాన్ని బట్టి తెలుస్తుంది. వరదలో బస్సు కొట్టుకుపోతున్న వీడియో ఒకటి విజయవాడదంటూ వాట్సాప్‌లో తిరుగుతోందనుకుందాం. పని తెలిసిన ఫ్యాక్ట్‌చెకర్ అందులోని ఒక ఫ్రేమును రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వెతికి, ఆ వీడియో అంతకుముందు ఎక్కడ, ఏ తేదీన కనిపించిందో లింకుతో సహా పెడతారు. బస్సు నంబరు ప్లేటు, దుకాణం బోర్డు మీది లిపి ఏ రాష్ట్రానివో చూస్తారు. పోస్టును తీసేసినా దొరికేలా ఆర్కైవ్ కాపీ దాచి ఉంచుతారు. చదివినవారు అదే దారిన వెళ్లి స్వయంగా సరిచూసుకోగలగాలి. ఇవేవీ లేకుండా ఫొటో మీద ఎర్రగా ‘ఫేక్’ అని కొట్టి వదిలేస్తే అది ఒకరి మాటకు మరొకరి మాటే అవుతుంది.

ఈ రంగానికి ఒప్పుకున్న నియమాలు లేకపోలేదు. అమెరికాలోని పాయింటర్ సంస్థ 2015లో నెలకొల్పిన అంతర్జాతీయ ఫ్యాక్ట్‌చెకింగ్ నెట్‌వర్క్ మరుసటి ఏడాది అయిదు సూత్రాలు ప్రకటించింది: ఏ పక్షం వహించకపోవడం, మూలాలు చూపడం, డబ్బు ఎక్కడిదో చెప్పడం, పద్ధతి వివరించడం, తప్పును బాహాటంగా దిద్దుకోవడం. హైదరాబాద్ నుంచి తెలుగులోనూ రాసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ ఈ సూత్రాలకు కట్టుబడినట్టు ఆ నెట్‌వర్క్ గుర్తింపు పొందినవే. గుర్తింపు, పేరు ఉన్నంత మాత్రాన పరీక్ష ముగియదు. 1994 నుంచి ఉన్న ఫ్యాక్ట్‌చెక్ సైటు స్నోప్స్ సహవ్యవస్థాపకుడు డేవిడ్ మికెల్సన్ ఇతర పత్రికల వాక్యాలను ఎత్తి రాశారని 2021లో బయటపడింది. సంస్థ ఆయనను సంపాదకీయ పనుల నుంచి తప్పించింది.

పక్షపాతం తీర్పులోనే ఉండనక్కర్లేదు, ఎంపికలోనూ ఉంటుంది. ప్రతి కథనం నిజమే కావచ్చు. కానీ ఎప్పుడూ ఒకే పార్టీ మాటలను పట్టుకునే సైటు తటస్థమైనది కాదు. ఒక నెల కథనాల శీర్షికలు వరసగా చూస్తే ఇది తేలిపోతుంది.

ప్రభుత్వ విభాగాల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కేంద్రం 2019లో ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో (పీఐబీ) ఫ్యాక్ట్‌చెక్‌ను, తెలంగాణ 2020లో, ఆంధ్రప్రదేశ్ 2021లో తమ తమ సైట్లను మొదలుపెట్టాయి. జీవో నకిలీదని చెప్పడానికి ప్రభుత్వం కంటే తగినవారు లేరు. తన మీద వచ్చిన విమర్శ తప్పని తానే తేల్చడం మాత్రం న్యాయం కాదు. కేంద్రం గురించిన సమాచారంలో ఏది నకిలీయో గుర్తించే అధికారాన్ని ఫ్యాక్ట్‌చెక్ విభాగానికి ఇచ్చిన 2023 ఐటీ నిబంధనల సవరణను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టివేసింది.

కాబట్టి తెలుగు ఫ్యాక్ట్‌చెక్ సైట్లన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, ప్రతి కథనం కింద మూలాల లింకులు, పరిశీలించినవారి పేరు, సవరణల చరిత్ర పెట్టాలి. ప్రైవేటు సైట్లు ఏటా తమ నిధుల వివరాలు ప్రచురించాలి. ప్రభుత్వ విభాగాలు ఖండనతో పాటు అసలు పత్రాన్ని జోడించాలి. ఉన్నత పాఠశాలల్లో ఒక ఫ్యాక్ట్‌చెక్ కథనాన్ని పిల్లలచేతనే మళ్లీ పరీక్షింపజేయాలి. లింకు లేని ఫ్యాక్ట్‌చెక్ గ్రూపులోకి వస్తే పాఠకులు దాన్ని ముందుకు పంపకుండా, ఆధారం ఏదని ఆ సైటుకే రాసి అడగాలి.