సైకిలుకు జరిమానా – చట్టం ఎవర్ని ఆపుతోంది?

రోడ్డు నియమాలు అందరికీ ఒకటే కావాలి, సైకిలు తొక్కేవాళ్ళకి మాత్రం మినహాయింపు ఎందుకు అనే వాదన ట్రాఫిక్ గురించి ఎక్కడ చర్చ జరిగినా వినిపిస్తుంది. హెల్మెట్ లేదని స్కూటరు నడిపేవాళ్ళ దగ్గర డబ్బు కట్టిస్తున్నప్పుడు, ఎర్రదీపం దాటిపోయే సైకిలుని, రాంగ్ సైడులో వచ్చే సైకిలుని ఎందుకు వదిలెయ్యాలి అంటారు. పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. సమానత్వం కోసం పనిచేసే మనలాంటి వాళ్ళం దీన్ని కాదనడం కష్టం కూడా.

సైకిలు తొక్కేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే కదా, స్త్రీల హక్కుల పత్రికలో ఈ గొడవ ఎందుకు అని కొందరు పాఠకులు అడగవచ్చు. ఆడవాళ్ళు ఎందుకు తక్కువగా తొక్కుతున్నారు, తొక్కుతున్న కొద్దిమంది మీద చట్టం పడితే ఏమవుతుంది అన్నదే నా ప్రశ్న. దీన్ని ఇప్పుడు అడగడానికి ఇంకో కారణం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 138(1ఎ) అనే ఉపసెక్షను చేర్చారు. దాని ప్రకారం పాదచారులు, యంత్రం లేని వాహనాలు రోడ్ల మీద, జాతీయ రహదారుల మీద ఎలా తిరగాలో రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చేయవచ్చు. చాలా ఏళ్ళు దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ నియమాలు చేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించి ఆరు నెలల గడువు ఇచ్చింది. కోర్టు ఉద్దేశం నడిచేవాళ్ళ, తొక్కేవాళ్ళ రక్షణే. కానీ ‘రక్షణ’ పేరుతో వచ్చిన చట్టాలు చివరికి స్త్రీలని ఇంట్లో కూచోబెట్టడం మనకి కొత్త కాదు.

ముందు అమలు ఎలా జరుగుతుందో చూద్దాం. 1988 చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, నంబరు ప్లేటు లేదు, తొక్కేవాళ్ళకి లైసెన్సు లేదు. కారు తప్పు చేస్తే కెమెరా ఫొటో తీస్తుంది, చలానా ఇంటికొస్తుంది, తీరిగ్గా కట్టుకోవచ్చు. సైకిలుకి ఆ దారి లేదు. పోలీసు చేత్తో పట్టుకుని ఆపాలి. ఆపాక మిగిలేవి అక్కడికక్కడ డబ్బు అడగడం, గాలి తీసెయ్యడం, లేదా సైకిలుని స్టేషనుకి తీసుకుపోవడం. మన పట్టణాల్లో పెద్దవాళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది. మున్సిపాలిటీ బిల్ల లేదనీ, రాత్రిపూట దీపం లేదనీ, డబుల్స్ తొక్కుతున్నారనీ ఆపిన రోజుల్లో రశీదు ఎవరికి దొరికింది? చట్టం ఒకటే అయినా అమలు రెండు రకాలు. ఒకరికి అది కాగితం, ఇంకొకరికి రోడ్డు మీద బేరం. ఆ బేరంలో కానిస్టేబులు ఎదురుగా ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషి పరిస్థితి వేరే వివరించనక్కర్లేదు.

కలకత్తాలో జరిగింది చూడండి. 2008లో అక్కడి పోలీసులు 38 రోడ్ల మీద సైకిళ్ళని నిషేధించారు. 2013లో ఆ నిషేధాన్ని 174 రోడ్లకి పెంచారు. నిరసనలు వచ్చాక ఆ సంఖ్యని 62కి తగ్గించారు. కారణం అడిగితే వాహనాల వేగం తగ్గిపోతోందన్నారు, ప్రమాదాలన్నారు. అంటే కార్లకి అడ్డం లేకుండా చేయడానికి పాలు పోసేవాళ్ళు, పేపర్లు వేసేవాళ్ళు, చేపలు అమ్మేవాళ్ళు దొంగల్లా సందుల్లోంచి పోవాలి. పట్టుబడితే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం వండాలో, ఎవరి దగ్గర చేబదులు తేవాలో ఆలోచించేది ఎవరు? జరిమానా మగవాడి పేరు మీద పడుతుంది, కట్టేది ఇల్లాలి పొదుపు. ఇంకో విడ్డూరం, ఇదే బెంగాల్ ప్రభుత్వం 2015 నుంచి ‘సబుజ్ సాథీ’ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకి కోటికి పైగా సైకిళ్ళు పంచింది. ఒక చేత్తో ఇవ్వడం, ఇంకో చేత్తో ఆపడం! 2020లో కరోనా వచ్చి బస్సులు, రైళ్ళు ఆగిపోయినప్పుడు అదే నగరంలో సైకిళ్ళకి కొంత సడలింపు ఇచ్చారు. నగరానికి పనివాళ్ళ అవసరం పడినప్పుడు సైకిలు అడ్డం కాలేదు మరి.

ఇది మన దేశపు జబ్బే అనుకోనక్కర్లేదు. అమెరికాలోని టాంపా నగరంలో సైకిలు తొక్కేవాళ్ళకి పోలీసులు రాసిన జరిమానాల్లో పదింట ఎనిమిది నల్లజాతివాళ్ళకే పడ్డాయని 2015లో ఒక పత్రిక బయటపెట్టింది. నగర జనాభాలో వాళ్ళు నాలుగోవంతు మాత్రమే. 2016లో అక్కడి న్యాయశాఖ సమీక్ష చేస్తే, ఇంత చేసినా ప్రమాదాలు గానీ దొంగతనాలు గానీ తగ్గలేదని తేలింది. దీపం లేదు, బెల్లు లేదు అన్నవి ఎవర్ని ఆపాలనుకుంటే వాళ్ళని ఆపడానికి పనికొచ్చే సాకులు.

ఇక స్త్రీల సంగతి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ‘అరివొళి ఇయక్కం’ చదువుతో పాటు సైకిలు తొక్కడాన్ని కూడా పాఠంగా పెట్టింది. కలెక్టరుగా ఉన్న షీలారాణి చుంకత్ దాన్ని ముందుకి నడిపించారు. వేలాది గ్రామీణ స్త్రీలు, వాళ్ళలో క్వారీ కూలీలు, అంగన్‌వాడీ వాళ్ళు, దళిత స్త్రీలు ఎందరో తొక్కడం నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు. ముందు కడ్డీ మీద బిడ్డ, వెనక క్యారియరు మీద నీళ్ళ బిందె, ఇంకా బరువుంటే అదీ. బస్సు కోసం, అన్న కోసం, మొగుడి కోసం ఎదురుచూడటం తప్పింది. ఆ దృశ్యాన్ని ట్రాఫిక్ పోలీసు కళ్ళతో చూస్తే ఏముంది? డబుల్స్, అధిక బరువు. ఒక సైకిలు మీద ఒక మనిషే ఉండాలనే నియమం, చేతులూపుకుంటూ ఆఫీసుకి వెళ్ళే మగవాడిని ఊహించుకుని రాసినది. స్త్రీల ప్రయాణం అలా ఉండదు. పిల్లని బడిలో దింపి, రేషను తెచ్చి, పనికి పోయి, వస్తూ కూరలు కొని రావాలి. ఇంటిచాకిరీ అంతా సైకిలు మీదికి ఎక్కుతుంది. ఆ చాకిరీని మన లెక్కల్లో చూపని రాజ్యం, రోడ్డు మీద మాత్రం దాన్ని నేరంగా చూపిస్తుందన్నమాట.

ఆడపిల్లల చదువుకీ సైకిలుకీ ఉన్న సంబంధం రుజువైన విషయమే. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకి సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. దీని మీద కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాష్ చేసిన అధ్యయనంలో అమ్మాయిల చేరిక సుమారు 30 శాతం పెరిగినట్టు తేలింది. ఆ పెరుగుదల ఎక్కువగా బడి మూడు కిలోమీటర్లకి మించి దూరమున్న ఊళ్ళలోనే కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్ళలో పొద్దున్నే యూనిఫారాలు, రిబ్బన్లతో వరసగా పోయే సైకిళ్ళని చూడనివాళ్ళు ఎవరు?

ఆ పిల్లలే ‘రాంగ్ సైడు’ తొక్కుతారు. ఎందుకంటే హైవే నాలుగు లైన్లయినప్పుడు ఊరు ఒకవైపు, బడి ఒకవైపు పడ్డాయి. మధ్యలో డివైడరు వచ్చింది. దాటడానికి దారి కిలోమీటరు అవతల ఉంటుంది. నియమం ప్రకారం పోతే ఆ పిల్ల లారీల పక్కన కిలోమీటరు పోయి, తిరిగి కిలోమీటరు రావాలి. రోజుకి రెండుసార్లు. ఆ పిల్ల రోడ్డు అంచునే ఎదురుగా వస్తుంది. ఇది క్రమశిక్షణ లేకపోవడం కాదు, గీత గీసిన ఇంజనీరు మనసులో ఆమె లేకపోవడం. ఆమెని ఒక్కసారి పోలీసు ఆపాడంటే సంగతి జరిమానాతో ఆగదు. ‘పోలీసోడు ఆపాడంట’ అన్న మాట ఆమె కంటే ముందు ఊరు చేరుతుంది. ఇంట్లో సైకిలుకి తాళం పడుతుంది. ఆ తర్వాత బడి మానడానికి ఎన్ని రోజులు పడుతుందో, పెళ్ళిమాటలు ఎప్పుడు మొదలవుతాయో బాల్యవివాహాల మీద పనిచేసే మన కార్యకర్తలకి నేను చెప్పాలా? మగపిల్లాడికి అదే జరిమానా ఒక చివాటు మాత్రమే. చట్టాన్ని సమానంగా అమలు చేసినా ఫలితం సమానంగా ఉండదని మనం చాలాకాలంగా అంటున్నది ఇదే.

సైకిలు తొక్కేవాళ్ళంతా అమాయకులని నేననడం లేదు. ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి నడిచేవాళ్ళని భయపెట్టేవాళ్ళున్నారు. సైకిలు తగిలి పడి తుంటి ఎముక విరిగిన ముసలావిడ దృష్టిలో అది చిన్న వాహనం కాదు. దీపం లేని సైకిలు చీకట్లో తొక్కేవాళ్ళకే ప్రాణగండం. కేంద్ర రవాణాశాఖ లెక్కల్లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో 32 వేలకు పైగా పాదచారులు, నాలుగువేలకు పైగా సైకిలు తొక్కేవాళ్ళు. అయితే ఈ చావులు ఆపడానికి జరిమానా ఒక్కటే దారా? 2020లో కేంద్రం సైకిళ్ళకి అమర్చే రిఫ్లెక్టర్లకి నాణ్యత ప్రమాణం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. బాధ్యత తయారీదారు మీద పెట్టింది, తొక్కే మనిషి మీద కాదు. అది సరైన పద్ధతి.

అదే 2019 సవరణలో 198ఎ అనే సెక్షను కూడా ఉంది. ప్రమాణాల ప్రకారం రోడ్డు వెయ్యకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకి, సలహాదారుకి లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చు. ఆ జరిమానా కట్టిన కాంట్రాక్టరు గురించి మనలో ఎంతమందిమి విన్నాం? చట్టం అందరికీ ఒకటే అనేవాళ్ళు ముందు ఈ సెక్షను గురించి మాట్లాడాలి. హైదరాబాదులో 2023లో అవుటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి పైన సోలారు కప్పు కూడా వేశారు. వ్యాయామానికి వెళ్ళేవాళ్ళకి బాగానే ఉంది. అలాంటి దారి బస్తీ నుంచి కాలనీల్లో పనికి పోయే స్త్రీలకి ఒక్క కిలోమీటరైనా ఎందుకు లేదు?

కాబట్టి 138(1ఎ) నియమాల్లో సైకిలుని జప్తు చెయ్యడం, గాలి తీసెయ్యడం ఉండకూడదని మన సంఘాలు పట్టుబట్టాలి. బడి యూనిఫారంలో ఉన్న పిల్లలని రోడ్డు మీద ఆపకూడదు, ఏదైనా చెప్పాలంటే బడిలో చెప్పాలి. బిడ్డని, బిందెని ఎక్కించుకోవడం నేరం కాకూడదు. ఏ రోడ్డు మీదైనా సైకిలు వద్దనాలంటే, దానికి సమానమైన దగ్గరి దారి ముందు చూపించాకే అనాలి. జరిమానా తప్పదంటే రశీదు లేకుండా ఒక్క రూపాయి తీసుకున్నా అది పోలీసు నేరమే అని రాయాలి. రాత్రిపూట దీపాలు లేకపోతే పట్టుకోవడం కాదు, పంచిపెట్టాలి. ఖర్చు ఎంతని అడిగితే ఒక ఫ్లైఓవరు ఖర్చు ఎంతని మనం అడగవచ్చు.

మోటారు వాహనాల చట్టం 212వ సెక్షను ప్రకారం ఇలాంటి నియమాలని ముసాయిదాగా ముందే ప్రకటించి అభ్యంతరాలు పిలవాలి. ముసాయిదా గెజెట్‌లో, మామూలుగా ఇంగ్లీషులో వస్తుంది. అభ్యంతరాలకి ఇచ్చే రోజులు కొద్ది. అంతలోపల దాన్ని తెలుగులోకి తెచ్చి మహిళా సంఘాల సమావేశాల్లో, హైస్కూళ్ళలో, ఇళ్ళలో పనిచేసే స్త్రీల సంఘాల్లో చదివి వినిపించాలి. మీ జిల్లాలో హైవే దాటి బడికి పోయే ఊళ్ళెన్ని, ఏ దాటు ఎంత దూరంలో ఉంది, ఎక్కడ ఎవరు సైకిలు మానేశారు అన్న వివరాలు ఇప్పటినుంచే రాసిపెట్టండి. కలెక్టరు అధ్యక్షుడుగా జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. అందులో పోలీసు, రవాణా, ఆర్ అండ్ బి శాఖలవాళ్ళు కూచుంటారు. ఆ వివరాలు తీసుకుని మొదట వెళ్ళాల్సింది అక్కడికి.