మందుల హక్కు బేరానికి కాదు

కరోనా టీకాలు, మందులు, పరీక్ష పరికరాలపై పేటెంటు హక్కులను మహమ్మారి అదుపులోకి వచ్చేదాకా పక్కన పెట్టాలని 2020 అక్టోబరు 2న భారత్, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. తయారుచేసే సత్తా ఉన్న ప్రతి దేశానికీ ఆ వీలు కల్పించాలన్నది ప్రతిపాదన సారాంశం. వందకు పైగా దేశాలు బాసటగా నిలిచాయి. ఐరోపా సమాఖ్య, బ్రిటన్, స్విట్జర్లాండ్, నార్వే, జపాన్ అడ్డుపడ్డాయి. దాదాపు ఇరవై నెలల నాన్చుడు తర్వాత 2022 జూన్ 17న జెనీవాలో వెలువడిన నిర్ణయం టీకాలకే, అదీ అయిదేళ్లకే పరిమితమైంది. మందులు, పరీక్ష పరికరాల సంగతి ఆరు నెలల్లో తేలుస్తామన్న హామీ 2024లో అబుధాబి మంత్రుల సమావేశం దాకా సాగినా ఏకాభిప్రాయం కుదరలేదు. అప్పటికి మొదటి రెండు అలల్లో పోవాల్సిన ప్రాణాలు పోయాయి.

నాడు జెనీవాలో అడ్డుపడిన దేశాలతోనే నేడు భారత్ వాణిజ్య ఒప్పందాలు కుదుర్చుకుంటోంది. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్‌ల కూటమి ఎఫ్టాతో 2024 మార్చి 10న, బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలు జరిగాయి. ఐరోపా సమాఖ్యతో 2013లో నిలిచిపోయిన చర్చలను 2022 జూన్‌లో తిరిగి పట్టాలెక్కించారు. ఈ ఒప్పందాలు అక్కర్లేదనడం తెలివితక్కువ. బ్రిటన్ సుంకాలు ఎత్తేస్తే భీమవరం రొయ్యల రైతు నుంచి తిరుప్పూరు బట్టల మిల్లు దాకా మేలు జరుగుతుంది. ఎఫ్టా దేశాలు పదిహేనేళ్లలో పదివేల కోట్ల డాలర్ల పెట్టుబడుల లక్ష్యానికి మాటిచ్చాయి. అయితే సుంకాల రాయితీకి బదులుగా మహమ్మారి వేళ మందు తయారుచేసుకునే హక్కును అంగుళమైనా వదులుకోకూడదు. సుంకాన్ని రేపు సవరించుకోవచ్చు. ఒప్పందంలో రాసిచ్చిన హక్కును వెనక్కి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

ఆ హక్కు విలువ ఎంతో హైదరాబాద్ నగరానికి బాగా తెలుసు. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్ రోగులకు వాడే నెక్సావర్ మాత్రలను బేయర్ కంపెనీ నెలకు దాదాపు రూ.2.80 లక్షలకు అమ్మేది. అదే మందును నెలకు రూ.8,880కి ఇస్తామని హైదరాబాద్ సంస్థ నాట్కో ఫార్మా ముందుకొచ్చింది. పేటెంటుదారు ఒప్పుకోకున్నా రాయల్టీ చెల్లించి మందు తయారుచేసుకునేలా అనుమతించే కంపల్సరీ లైసెన్సును 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ మంజూరు చేశారు. బేయర్ అప్పీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం మారలేదు. ఆ కేసులో కీలక సాక్ష్యం ఎక్కడిదో గమనించాలి. పేటెంటును దేశంలో ఏ మేరకు వినియోగిస్తున్నదీ ఏటా వెల్లడించాలన్న నిబంధన కింద బేయర్ స్వయంగా సమర్పించిన లెక్కలే, ఆ మందు ఎంత తక్కువమంది రోగులకు చేరుతోందో బయటపెట్టాయి.

ఇప్పుడు ఆ నిబంధననే పలచబరిచారు. ఎఫ్టా ఒప్పందంపై సంతకాలైన అయిదు రోజులకే, 2024 మార్చి 15న, పేటెంటు నియమాల సవరణ వెలువడింది. ఏటా ఇవ్వాల్సిన వినియోగ ప్రకటన మూడేళ్లకు ఒకసారి ఇస్తే సరిపోతుందన్నారు. పేటెంటు మంజూరు కాకముందే అభ్యంతరం చెప్పే ప్రక్రియకు కొత్తగా రుసుము పెట్టారు. ఆ అభ్యంతరాన్ని అసలు విచారణకు తీసుకోవాలో వద్దో ముందుగా కంట్రోలరే తేలుస్తారన్నారు. ఆ ప్రక్రియ రోగుల చేతిలో ఎంత పదునైన ఆయుధమో 2023 మార్చిలోనే రుజువైంది. క్షయను జయించిన ఇద్దరు మహిళలు వేసిన అభ్యంతరం ఫలించి, మొండి క్షయకు వాడే బెడాక్విలిన్‌పై గుత్తాధిపత్యం పొడిగించుకోవాలన్న జాన్సన్ అండ్ జాన్సన్ దరఖాస్తును పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. ఏడాది తిరగకుండానే ఆ దారిలో గేట్లు బిగించడం ఎవరి మేలుకో ప్రభుత్వమే చెప్పాలి.

బ్రిటన్‌తో ఒప్పందం మరో అడుగు ముందుకేసింది. మందులు ప్రజలకు అందాలంటే స్వచ్ఛంద లైసెన్సుల బాటే మేలైనదని రెండు దేశాలూ అందులో అంగీకరించాయి. ఇది కంపల్సరీ లైసెన్సును రద్దు చేయదు గానీ, రేపు ఒక కంపల్సరీ లైసెన్సు జారీ అయితే దాన్ని ప్రశ్నించేవారికి మాత్రం ఊతమిస్తుంది. స్వచ్ఛందం అనే మాట వినసొంపుగానే ఉంటుంది. స్వచ్ఛంద లైసెన్సు ఎప్పుడు పుడుతుందో 2021 మే నెలలో హైదరాబాద్‌లోనే తెలిసొచ్చింది. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్‌కు కొవిడ్ చికిత్సలో అత్యవసర అనుమతి రాగానే, పేటెంటు హక్కులు ఎలై లిల్లీ చేతిలో ఉండటంతో నాట్కో కంపల్సరీ లైసెన్సుకు దరఖాస్తు చేసింది. ఆ నెల గడవకముందే ఎలై లిల్లీ నాట్కో సహా పలు భారతీయ కంపెనీలకు రాయల్టీ లేని స్వచ్ఛంద లైసెన్సులు ఇచ్చింది. నాట్కో తన దరఖాస్తును ఉపసంహరించుకుంది. కంపల్సరీ లైసెన్సు భయం వెనక ఉంటేనే స్వచ్ఛంద లైసెన్సు ముందుకు వస్తుంది. ఆ భయాన్ని ఒప్పందాల ద్వారా తగ్గిస్తే స్వచ్ఛందం కాస్తా కంపెనీ దయాదాక్షిణ్యంగా మిగులుతుంది.

కంపల్సరీ లైసెన్సుకు వీలిచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం కరోనా వేళ చేతిలో ఉంచుకునీ వాడలేదు. పేటెంట్ల చట్టం 92, 100, 102 సెక్షన్ల కింద ఉన్న అధికారాలను ఎందుకు పరిశీలించడం లేదని 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు అడిగింది. ఈ దశలో అలా చేస్తే బెడిసికొడుతుందని, దౌత్య మార్గంలో సమస్య పరిష్కరిస్తున్నామని కేంద్రం బదులిచ్చింది. జెనీవాలో పేటెంట్లు పక్కన పెట్టాలని వాదిస్తూ, సొంత చట్టంలోని అధికారాన్ని సొంత గడ్డపై వాడబోమనడం ఏ దౌత్యమో అర్థం కాదు. కొవాగ్జిన్ విషయంలోనూ ఇదే తీరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) భాగస్వామ్యంతో హైదరాబాద్‌లో తయారైన ఆ టీకా పరిజ్ఞానాన్ని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్, ముంబయిలోని హాఫ్‌కిన్, బులంద్‌షహర్‌లోని బిబ్‌కాల్‌లకు అందించే ఏర్పాటు రెండో అల ముంచెత్తాకే, 2021 ఏప్రిల్‌లో మొదలైంది. ఇల్లంటుకున్నాక బావి తవ్వే పని ఇది.

పేటెంటు లేకపోతే పరిశోధన ఆగిపోతుందన్నది కంపెనీల పాత వాదన. కరోనా టీకాల చరిత్రే దానికి జవాబు. మోడెర్నా టీకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలతో కలిసి రూపొందింది. బయోఎన్‌టెక్‌కు జర్మనీ ప్రభుత్వం 37.5 కోట్ల యూరోలు సమకూర్చింది. టెక్సాస్‌లోని బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు పేటెంటు లేకుండా పంచిన పరిజ్ఞానంతో హైదరాబాద్ సంస్థ బయోలాజికల్-ఇ తయారుచేసిన కార్బెవాక్స్‌కు 2021 డిసెంబరులో అనుమతి లభించింది. ప్రజాధనంతో జరిగిన పరిశోధన ఫలం ప్రజలకు అందాలని కోరడం కంపెనీలను దోచుకోవడం కాదు.

ఇతరుల పేటెంట్ల మీద మాట్లాడే దేశం తన ఎగుమతి ఆంక్షల మీద కూడా అంతే సూటిగా మాట్లాడుకోవాలి. 2020 మార్చి 3న కేంద్రం పారాసిటమాల్ సహా 26 రకాల ముడి ఔషధాలు, మందుల ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. చైనాలో కర్మాగారాలు మూతపడటంతో ముడిసరుకు ఆగిపోతుందన్న భయం దానికి కారణం. మార్చి 25న హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను నిషేధించి, ఏప్రిల్ 4న మినహాయింపులు కూడా ఎత్తేశారు. రెండు రోజులకే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రతీకారం తప్పదన్న ధోరణిలో మాట్లాడటం, ఆ వెంటనే ఆంక్షలు సడలించడం జరిగిపోయాయి. నిషేధానికి ఏ అంచనా ఆధారమో, సడలింపునకు ఏ లెక్క కారణమో దేశ ప్రజలకు ఎవరూ చెప్పలేదు.

టీకాల విషయంలో గోప్యత మరింత పెరిగింది. 2021 జనవరి 20న మొదలైన టీకా మైత్రి కింద ఏప్రిల్ నాటికి తొంభైకి పైగా దేశాలకు దాదాపు 6.6 కోట్ల డోసులు వెళ్లాయి. రెండో అల రాగానే ఎగుమతులు నిలిచిపోయాయి. సొంత పౌరులకు టీకా లేనప్పుడు బయటకు పంపకపోవడాన్ని తప్పు పట్టలేం. అయితే ఎగుమతి నిషేధమంటూ ఒక్క నోటిఫికేషన్ కూడా వెలువడలేదు. పేద దేశాలకు టీకాలు అందించేందుకు సీరం ఇన్‌స్టిట్యూట్‌నే నమ్ముకున్న అంతర్జాతీయ కొవాక్స్ పథకం, దాని మీద ఆధారపడిన ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. కొవాక్స్‌కు సరఫరా తిరిగి మొదలయ్యేసరికి నవంబరు వచ్చింది. సంపన్న దేశాలు చేసిందీ ఇదే. అమెరికా తన రక్షణ ఉత్పత్తి చట్టంతో టీకా ముడిసరుకును బిగబట్టింది. ఇటలీ 2021 మార్చిలో ఆస్ట్రేలియాకు వెళ్లాల్సిన రెండున్నర లక్షల ఆస్ట్రాజెనెకా డోసులను ఆపేసింది. తీవ్ర కొరత వచ్చినప్పుడు తాత్కాలికంగా ఎగుమతులు ఆపడానికి సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం (గ్యాట్) 11వ అధికరణం అనుమతిస్తుంది. తాత్కాలికం అంటే ఎంతకాలం, కొరత అంటే ఏ స్థాయి, ముందే డబ్బు కట్టిన దేశాల సంగతేమిటి అన్నవి మాత్రం ఎవరికి తోచినట్లు వారు తేల్చుకున్నారు.

దేశాల సరిహద్దుల్లో జరిగిందే రాష్ట్రాల సరిహద్దుల్లోనూ జరిగింది. 2021 మే నెలలో కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లే జాతీయ రహదారిపై జోగులాంబ గద్వాల జిల్లా పుల్లూరు టోల్‌ప్లాజా వద్ద తెలంగాణ పోలీసులు ఆంధ్రప్రదేశ్ అంబులెన్సులను ఆపేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్లు పత్రం, ముందస్తు అనుమతి ఉంటేనే వదులుతామన్నారు. ఆక్సిజన్ పెట్టుకున్న రోగులు అంబులెన్సుల్లోనే పడిగాపులు పడ్డారు. అక్కడే ప్రాణాలు పోయినట్లు వార్తలు వచ్చాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. పడకలు చాలవన్న తెలంగాణ ఆందోళన నిజమే. కానీ ఏళ్ల తరబడి ఉమ్మడి రాజధానిలో వైద్యానికి అలవాటుపడిన రాయలసీమ రోగిని రాత్రికి రాత్రి పరాయివాడిని చేసే అధికారం ఒక సర్క్యులర్‌కు ఉండకూడదు. హైకోర్టు జోక్యం చేసుకోకపోతే ఆ సర్క్యులర్ ఎన్నాళ్లు కొనసాగేదో చెప్పలేం.

పేటెంటు నియమాల సవరణ, ఎగుమతి నిషేధం, సరిహద్దు మూసివేత... వీటన్నిటికీ మూలం ఒక్కటే. చట్టసభలకు తెలియకుండా, చర్చ లేకుండా, కొద్దిమంది అధికారుల గదుల్లో ఈ నిర్ణయాలు పుడుతున్నాయి. విదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకునే అధికారం రాజ్యాంగం ప్రకారం కేంద్రానిదే. వాటికి పార్లమెంటు ఆమోదం తీసుకోవాలన్న నిబంధన మనకు లేదు. 1994లో మర్రకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంపై సంతకం చేసినప్పుడూ పార్లమెంటు ఆమోదం తీసుకోలేదు. ఒప్పందాలు కుదుర్చుకునే విధానంపై పార్లమెంటు చట్టం చేయాలని జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్ష కమిషన్ 2002లోనే సిఫారసు చేసింది. ఆ చట్టం నేటికీ రాలేదు. మహమ్మారి కాలంలో పార్లమెంటు పరిస్థితి మరీ దారుణం. 2020 మార్చి 23న వాయిదా పడిన సభలు సెప్టెంబరు 14 దాకా సమావేశం కాలేదు. అప్పుడూ ప్రశ్నోత్తరాల సమయం లేదు. ఆ ఏడాది శీతకాల సమావేశాలే రద్దయ్యాయి. లాక్‌డౌన్‌తో కోట్లాది ప్రజల జీవితాలు నాలుగు గంటల వ్యవధిలో స్తంభించిపోయాక, ఆ ఏడాది వారి ప్రతినిధులకు సభలో లేచి ప్రశ్న అడిగే వీలు లేకపోయింది.

పరిస్థితిని చక్కదిద్దడానికి మార్గాలు లేకపోలేదు. ఏ వాణిజ్య ఒప్పందమైనా పేటెంట్ల చట్టంలో పాత మందుకు స్వల్ప మార్పులతో కొత్త పేటెంటును అడ్డుకునే 3(డి), కంపల్సరీ లైసెన్సుకు వీలిచ్చే 84, 92 సెక్షన్లకు, ముందస్తు అభ్యంతరాల హక్కుకు భంగం కలిగించదని ఒప్పందంలోనే స్పష్టంగా రాయించాలి. ఆరోగ్య అత్యవసర పరిస్థితుల్లో ప్రభుత్వం తీసుకునే చర్యలను ఏ వివాద పరిష్కార వేదికా ప్రశ్నించరాదన్న మినహాయింపు పెట్టించాలి. 2024 మార్చి నాటి నియమాలను సవరించి ఏటా వినియోగ ప్రకటన ఇచ్చే పాత పద్ధతిని పునరుద్ధరించాలి. ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందు పార్లమెంటు స్థాయీ సంఘం ముందుంచాలి. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి, మందుల మీద ప్రభావం చూపే ప్రతి అధ్యాయంపై రాష్ట్రాల అభిప్రాయం తీసుకోవాలి.

ఎగుమతి ఆంక్షలకు, సరిహద్దు ఆంక్షలకు రాతపూర్వకమైన హద్దులు కావాలి. కారణం చెప్పని నిషేధం, గడువు లేని నిషేధం చెల్లవని చట్టం చేయాలి. ముందే కుదిరిన సరఫరాలకు, పేద దేశాల వాటాకు, అంబులెన్సులకు ఆ ఆంక్షలు వర్తించకూడదు. మహమ్మారి వేళ తయారయ్యే టీకాలు, మందుల్లో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్న సూత్రాన్ని 2025 మే 20న ఆమోదం పొందిన మహమ్మారి ఒప్పందం ముందుకు తెచ్చింది. ఆ స్ఫూర్తి దేశీయ చట్టంలోనూ కనిపించాలి. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ప్లేగును ఎదుర్కోవడానికి వలస పాలకులు చేసుకున్నది. దాన్ని సమూలంగా సవరించాలని లేదా కొత్త చట్టం తేవాలని లా కమిషన్ 286వ నివేదికలో సూచించింది. ఆ నివేదికకు దుమ్ము పట్టనివ్వకుండా అమలు చేయాలి.

ప్రపంచ ఔషధశాల అన్న పేరు తెచ్చింది 1970 పేటెంట్ల చట్టం, దాన్ని నమ్ముకుని ఎదిగిన హైదరాబాద్, విశాఖ వంటి నగరాల కర్మాగారాలు. అక్కడ తయారైన మందులు ఇక్కడి పేదవాడికి, ఆఫ్రికా హెచ్‌ఐవీ రోగికి ఒకేలా ప్రాణం పోశాయి. వాణిజ్య ఒప్పందాలు రావాలి, ఎగుమతులు పెరగాలి, పెట్టుబడులు తరలిరావాలి. వాటి కోసం మందుల హక్కును తాకట్టు పెట్టే అధికారం మాత్రం ఏ ప్రభుత్వానికీ ప్రజలు ఇవ్వలేదు. తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా ఈ మాటను పార్లమెంటులో గట్టిగా అడగాలి.