ఇంటి కంప్యూటరుకు ఏ ఆపరేటింగ్ సిస్టం? ముందు తెలుగు సంగతి అడగండి

2025 దీపావళి మరునాడు నా పూర్వ విద్యార్థి ఒకడు హోసూరులోని మా ఇంటికి వచ్చాడు. పగలు ఒక కర్మాగారంలో లెక్కలు వ్రాస్తాడు, తక్కిన వేళ తండ్రితోబాటు గులాబి తోట చూసుకొంటాడు. కూతురు రెండవ తరగతి చదువుతున్నది. "అయ్యవారూ, పాప కోసమని ఒక కంప్యూటరు కొందామనుకొంటున్నాను. విండోస్ 10కి కాలం చెల్లిందంటున్నారు. 11 ఉన్నది తీసుకోమంటారా? ఆ లినక్స్ ఏదో మేలంటారా? లేక పోతేపోయింది డబ్బు అని ఆపిల్ కొనమంటారా?" అని అడిగాడు. "పాప దానిలో ఏ భాషలో వ్రాస్తుంది నాయనా?" అని నేను అడిగాను. అతడు కాసేపు ఆలోచించి, "ఇంగ్లీషే కదండీ, కంప్యూటరు కదా!" అన్నాడు.

ఆ చివరి "కదా" నన్ను ఇన్నాళ్లుగా వదలటంలేదు. దానిని గురించే ఉపాధ్యాయ మిత్రులతోను, తల్లిదండ్రులతోను కొన్ని మాటలు చెప్పుకోదలచాను.

మన బడులలో తెలుగు పరిస్థితి మీకు తెలియనిది కాదు. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఏటికొక తరగతి చొప్పున పైకి ప్రాకి 2015-16 నాటికి పదవ తరగతిని చేరుకొన్నది. తెలుగు గంటలు ఎంతగా కుదించుకుపోయాయో మా ప్రాంతపు ఉపాధ్యాయులను అడిగితే చెబుతారు. బళ్లారి, కోలారు, బరంపురం, షోలాపురం వాసుల కథలు వేరు వేరు కావచ్చు గాని, పిల్లవాడు తెలుగు అక్షరం చూసే వేళ బడిలో తగ్గిపోయిందన్న బాధ అందరిదీ. అటువంటప్పుడు ఇంట్లో ఒక మూల కూర్చునే కంప్యూటరు మనకు ఒక అదనపు పలక కావాలి. బడి ఇవ్వలేని గంటను అది ఇవ్వాలి. అందుచేత నిర్వహణ వ్యవస్థను ఎంచుకొనేటప్పుడు వేగమూ, అందమూ, ఆటలూ తరువాతి సంగతి. మొదటి ప్రశ్న, ఇంటికి వచ్చిన రోజుననే దానిలో తెలుగు వ్రాయగలమా అన్నది.

"ఇప్పుడు అన్నిటిలోను తెలుగు ఉన్నది కదా" అని మీరనవచ్చు. నిజమే, ఉన్నది. పాతికేళ్ల క్రితం లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే ఆ వరుసలో తెలుగు లిపికి చోటు దొరికింది. గౌతమి అన్న ఖతి దానితోనే వచ్చింది. అప్పుడు కూడ అది దానంతట అది కనబడేది కాదు. అమరికలలోనికి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అసలు సీడీ తెచ్చి పెట్టెలో పెడితే గాని ఒత్తులు సరిగా కూర్చునేవి కావు. ఆ సీడీ ఎవరి దగ్గర ఉండేది చెప్పండి! నేటి విండోస్, మాక్, లినక్స్ అన్నిటిలోను ఖతులు ముందే ఉన్నాయి, ఒత్తులు సరిగానే పడతాయి. ఉండి ఏమి లాభం? అంగడివారు ఇంగ్లీషు కీబోర్డు ఒక్కటే పెట్టి ఇస్తారు. కొన్నవారు అడగరు. తెలుగు లోపల నిద్రపోతూ ఉంటుంది, మనము అది లేదనే అనుకొంటాము.

ఇక్కడ నా అనుభవం ఒకటి. యూనికోడ్ మనలో వాడుకకు రాకముందు, కొన్ని సంవత్సరాలపాటు నేను తయారుచేసిన పాఠాలు, ప్రశ్నపత్రాలు ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించేవాణ్ణి. వారు వాడిన ఖతి వారి దగ్గర మాత్రమే ఉండేది. లోపల దాగిన సంకేతాలు ఇంగ్లీషు అక్షరాలవే, పైన తొడిగిన ముసుగు మాత్రం తెలుగుది. ఆ కేంద్రం మూతపడిన తరువాత నా దగ్గరి ఫైళ్లు తెరిస్తే కామాలు, డాలరు గుర్తులు, కొమ్ములు విరిగిన ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. నాలుగేళ్ల పాఠాలు అలాగే పోయాయి; కాగితాల మీద మిగిలినవి మిగిలాయి. తప్పు వారిది అనను, ఆనాటి పద్ధతే అది. నేటికీ అచ్చుపనిలో ఆ జాతి ఖతులు వాడేవారున్నారు. మీ పిల్లలకు మాత్రం అవి అలవాటు చేయకండి. యూనికోడులో వ్రాసినది విండోసులో వ్రాసినా లినక్సులో తెరుచుకొంటుంది, రేపు మరొక యంత్రం కొన్నా చెక్కుచెదరదు. ఈ ఒక్క జాగ్రత్త తీసుకొంటే ఏ వ్యవస్థ కొన్నామన్నది జీవితాంతపు బంధం కాదు. కనుక ఆ ఎంపిక గురించి పెద్దగా కంగారు పడనక్కరలేదని కూడ నా మనవి.

కంగారు పడవలసినది కీబోర్డు దగ్గర. దీనిని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఉపాధ్యాయులు కూడ దీనిని పట్టించుకోవటం లేదు.

మనలో చాలమంది తెలుగు వ్రాసేది ఇంగ్లీషు అక్షరాల మీదుగా. లేఖినితో మొదలుపెట్టినవారము మనము. నేనూ దానితోనే మొదలుపెట్టాను, దానికి ఋణపడి ఉన్నాను. 2019 మేలో వచ్చిన నవీకరణతో విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు చేరింది. లినక్సులో ఆర్‌టీఎస్ పద్ధతి ఎప్పటినుండో ఉన్నది. తెలుగు వచ్చిన పెద్దవారికి ఇవి చాలా సౌకర్యం. అక్షరాలు ఇంకా కుదురుకోని పిల్లకు ఇవి హాని చేస్తాయని నా గట్టి అభిప్రాయం. "నేను" అని వ్రాయటానికి ఆ పిల్ల ముందుగా ఎన్, ఈ, ఎన్, యు అని అనుకోవాలి. అక్కడ ఎత్వమా ఏత్వమా అన్న ఆలోచనే పుట్టదు. "కళ"కూ "కల"కూ ఒకే ఎల్ కనబడుతుంది. పెద్దక్షరం కొట్టాలని నేర్పినా, ఊహించి మాటలు అందించే కీబోర్డు తానే దిద్దిపెడుతుంది. పిల్లకు తప్పు చేసినట్టే తెలియదు. తెరమీద చక్కని తెలుగు, నోటుపుస్తకంలో ఒక్క ణకారమూ సరిగా ఉండదు. నా తరగతిలో ఇది చూస్తూనే ఉన్నాను.

దీనికి విరుగుడు ప్రతి వ్యవస్థలోను ఉచితంగా ఉన్నది. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం 1986లో రూపొందించింది, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణంలో చేరింది. ఇది గుణింతం తెలిసినవారు చేసిన అమరిక. స్వరాల గుర్తులు దాదాపు అన్నీ ఎడమచేతి క్రింద, హల్లులు చాలావరకు కుడిచేతి క్రింద ఉంటాయి. కె మీట నొక్కితే క, షిఫ్టుతో నొక్కితే ఖ. ఎల్ మీట త, షిఫ్టుతో థ. అల్పప్రాణమూ మహాప్రాణమూ ఒకే మీట మీద అన్నదమ్ములవలె కూర్చున్నాయి. ఎఫ్ మీట గుడి, షిఫ్టుతో ఇ. జి మీట కొమ్ము, షిఫ్టుతో ఉ. పొల్లు డి మీద ఉన్నది. "అమ్మ" వ్రాయాలంటే అ, మ, పొల్లు, మళ్లీ మ. ఒత్తు దానంతట అదే క్రిందికి దిగుతుంది. ఒత్తు అంటే పొల్లు చేసిన హల్లుకు తగులుకొన్న మరొక హల్లు అని బోర్డుమీద పదిసార్లు చెప్పినా ఎక్కనిది, వ్రేళ్లకు నాలుగు రోజులలో ఎక్కుతుంది. ఎత్వానికి ఒక మీట, ఏత్వానికి మరొక మీట కనుక పొరపాటు చేస్తే పొరపాటుగానే కనబడుతుంది. దిద్దుకొనే పని పిల్లదే అవుతుంది.

మనవంటివారికి మరొక మేలు కూడ ఉన్నది. ఇన్‌స్క్రిప్టులో కకారం తెలుగుకైనా, కన్నడానికైనా, ఒడియాకైనా, మరాఠీ వ్రాసే దేవనాగరికైనా ఆ కె మీటే. బరంపురం పిల్లవాడు ఒకసారి వ్రేళ్లు అలవాటు చేసుకొంటే ఇంటి తెలుగూ, బడి ఒడియా రెండూ వ్రాస్తాడు. షోలాపురంలో తెలుగు, మరాఠీ అంతే. తమిళనాట ప్రభుత్వం ఆదరించినది తమిళ్99 అమరిక, కర్ణాటకలో నుడి అమరిక. అక్కడి బడులలో అవే నేర్పితే రెండు అలవాట్లు తప్పవు. అయినా పిల్లలకు రెండు భాషలు మాట్లాడటమే బరువు కానప్పుడు రెండు అమరికలు బరువనుకోను.

ఇక వ్యవస్థల సంగతి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపుకు నమోదు చేసుకొన్న ఇళ్లకు ఇచ్చిన గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 11కు నాలుగు జీబీల ర్యామ్, 64 జీబీల నిల్వ, టీపీఎం 2.0 అన్న భద్రతా చిప్పు కావాలి. 2018కి ముందు కొన్న యంత్రాలలో అత్యధికం దీనికి నోచుకోవు. కొత్త యంత్రం కొనే స్తోమత ఉండి, ఇంట్లో ఎవరికైనా టాలీ వంటివాటి అవసరం ఉంటే విండోస్ 11నే తీసుకోండి, దానిలో ఏ తప్పూ లేదు. అయితే లైసెన్సుతో తీసుకోండి. లైసెన్సు లేని దొంగ ప్రతిని అంగడిలో "ఫ్రీగా వేసి ఇస్తాం సార్" అంటే వద్దనండి. పిల్లలకు నీతి పద్యాలు నేర్పే ఇంట్లో అది బాగుండదు. పైగా అలాంటి ప్రతులతో వైరస్సులు రావటం కద్దు.

ఆపిల్ యంత్రాలు గట్టివే. వెల మాత్రం మనబోటివారికి అందదు. ఎక్కువ వెల పెడితే మన అక్షరాలకు ఎక్కువ భద్రత అని మాత్రం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా"కు సంబంధించిన ఒక అక్షర సంపుటి తెరమీదికి రాగానే ఐఫోనులలోను, మాక్ యంత్రాలలోను ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆ నెలలోనే సరిచేశారనుకోండి. జ్ఞానంలోని మొదటి అక్షరానికే ఆ గతి పట్టటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాత యంత్రం ఉన్నవారికి నా సలహా లినక్స్, దానిలోను లినక్స్ మింట్. రెండు జీబీల ర్యామ్ ఉంటే నడుస్తుంది, నాలుగుంటే హాయిగా నడుస్తుంది. ఉచితం. ముందుగా పెన్‌డ్రైవు నుండే నడిపి చూడవచ్చు. నచ్చకపోతే తీసివేయండి, లోపలి విండోసుకు ఏమీ కాదు. కీబోర్డు అమరికలలో తెలుగు చేర్చుకోవటం రెండు నిమిషాల పని. వ్రాతకు లిబ్రెఆఫీసు దానితోనే వస్తుంది. కష్టాలు కూడ దాచను: కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి, బడివారు పంపే వర్డ్ ఫైళ్లలో పట్టికలు అప్పుడప్పుడు చెదురుతాయి, దగ్గరలో తెలిసినవారు లేకుంటే మొదటి వారం విసుగు పుడుతుంది. మెనూలన్నీ తెలుగులో పెట్టుకొనే వీలున్నది గాని అనువాదం అంతటా పూర్తిగా లేదు, కొన్ని మాటలు పండితులకు కూడ అర్థం కావు. మెనూలు ఇంగ్లీషులో ఉన్నా ఫరవాలేదు, వ్రాత తెలుగులో ఉంటే చాలునని నేను సర్దుకొన్నాను.

మళ్లీ మా కుర్రవాని దగ్గరకు వస్తాను. మాటల మధ్యలో, పన్నెండవ తరగతిలో తనకు ప్రభుత్వం ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్ అటక మీద ఉన్నదని చెప్పాడు. 2011 నుండి తమిళనాట ఆ పంపిణీ జరిగింది గదా. తొలినాళ్లలో ఇచ్చినవాటిలో విండోసుతోబాటు సీడాక్‌వారి బాస్ లినక్స్ కూడ ఉండేది. "అది నువ్వెప్పుడైనా తెరిచావా?" అంటే "లేదండీ, అదేమిటో తెలియక ఎవరమూ తెరవలేదు" అన్నాడు. మర్నాడు తెచ్చాడు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది, తీగ తగిలించి ఉంచితేనే పనిచేస్తుంది. రెండు జీబీలకు మరొక రెండు జీబీలు వేయించి, మింటులో తేలికరకమైన ఎక్స్ఎఫ్‌సీఈ ప్రతి ఎక్కించి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టాము. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు వెతికితే దొరకలేదు. చిన్న కాగితపు ముక్కలమీద పాప చేతనే అక్షరాలు వ్రాయించి, పైన పారదర్శకమైన టేపు అంటించాము. అతడు కొత్తది కొనే ఆలోచన ప్రస్తుతానికి మానుకొన్నాడు.

కొనదలచినవారు డబ్బు చెల్లించేముందు అంగడిలోనే నిలబడి తెలుగు కీబోర్డు పెట్టించుకోండి. "శ్రీ", "స్త్రీ", "లక్ష్మి", "జ్ఞానం" అన్న నాలుగు మాటలు మీ చేత్తో కొట్టి చూడండి. విసుక్కొంటారు, పట్టించుకోకండి. మా పాప మొదటి రోజున కొట్టినది తన పేరు, తరువాత "నాయనమ్మ". అందులో ఒత్తు మకారం రావటానికి అయిదుసార్లు చెరిపింది. ఆరవసారి వచ్చింది.