ఎండ యెవరి సొత్తు?

మార్కాపురమున ఎండకు కొదవ గలదని యింతవఱకు పగవారు సైతము పలుకలేదు. వాన లేదని, బోరులో నీరు లేదని, ఉన్న నీట ఫ్లోరైడు గలదని మొఱపెట్టుటతోనే గిద్దలూరు మొదలు కనిగిరి వఱకు గల మనవారి నోళ్లు ఎండిపోవుచున్నవి. ఈ మెట్టసీమకు ధారాళముగా దొరకినది యెండ యొక్కటే. దానిని మనము తలగుడ్డ చుట్టుకొని తప్పించుకొని తిరుగుచున్నాము!

1970 వఱకు మార్కాపురము కర్నూలు జిల్లాలోనిదే. ఆ కర్నూలు చెంత గని, శకునాల గ్రామములలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2017లో వెలసినది. అట్టిది మనకెన్నడని కొందఱు నిట్టూర్చుచున్నారు. మాకు అంతటిది అక్కఱలేదు, ఊరి కప్పులు చాలును.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు సూర్యఘర్ పథకమును ప్రారంభించిరి. ఇంటి మిద్దెపై మూడు కిలోవాట్ల ఫలకములు పెట్టించుకొన్నచో 78,000 రూపాయల సహాయము. కిలోవాటు ఒక్కింటికి దినమునకు సుమారు నాలుగు యూనిట్లు పుట్టును. వాడగా మిగిలినది తీగలవెంట పోయి లెక్కలో జమపడును. దీనిని మేము నిందింపము. కాని మిద్దె యెవరిది? పలకల గనిలో రాయి చీల్చు కూలివాని తలపై రేకులే గాని మిద్దె యెక్కడిది? అద్దెకున్నవాడు యజమానునడిగినచో, "నీ బిల్లు తగ్గుటకు నా మిద్దె యేల?" యని ప్రత్యుత్తరము. మేమును అద్దె యింటివారమే. ఈ మాట చెవులార వింటిమి. షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని రెండు కిలోవాట్లు ఉచితముగా నిచ్చుటకు రాష్ట్రప్రభుత్వమువారు పూనుకొనుట మెచ్చదగినదే. తక్కిన పేదల మాటయో?

ఇక్కడనే పురపాలకసంఘము ముందునకు రావలయును. బడులపై, కార్యాలయములపై, అంగడులపై కప్పులు ఊరక కాలుచున్నవి. మేమెఱిగిన యొక బడిలో బిల్లు పెరుగునని మిట్టమధ్యాహ్నము పంకాలు ఆపించుచుందురు. ఆ కప్పు మీదనే యెండ నిప్పులు చెరుగుచుండును! ఇంతకన్న వింత గలదా?

సొమ్మెక్కడిదందురా? నీటి మోటార్లకును వీధిదీపములకును నెలనెల చెల్లించు సొమ్మెక్కడిదో యిదియు నక్కడిదే. తమ పెట్టుబడితోనే ఫలకములు నిలిపి, పుట్టిన విద్యుత్తునకు ఒప్పుకొన్న ధర పుచ్చుకొను వ్యాపారసంస్థలును గలవు. పట్టణమున ఇంటింట ఫలకములు పెట్టించినందుకు స్థానికసంస్థలకు ఇల్లొక్కింటికి 1,000 రూపాయల ప్రోత్సాహకము సూర్యఘర్ పథకమునందే యున్నది. ఇక ఒకచోట పుట్టిన విద్యుత్తును పలువురి మీటర్లకు పంచి జమకట్టుటకు ఢిల్లీలో 2019లోనే నిబంధనలేర్పడినవి. ఆ పద్ధతి యిక్కడ ఆచరణలోనికి వచ్చినచో బడి కప్పుపై పుట్టిన వెలుగులో రేకులయింటివానికిని అద్దెవానికిని పాలు దక్కును.

సభ్యులు వచ్చు సమావేశమున ముందుగా ఊరిలోని ప్రభుత్వపు కప్పులన్నిటిని కొలిపింపవలయును. కొలబద్ద పట్టుకొని వెంట నడచుటకు మా విద్యార్థులు సిద్ధముగా నున్నారు.