సమ్మతి పత్రం నకలు చేతికి ఇప్పించండి

భారత ఔషధ నియంత్రణ జనరల్ గారికి,



2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనంలో భాగంగా పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో చాలామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. టీకా వేయించుకున్నవారిలో కొందరు పిల్లలు చనిపోయారు; ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ తేల్చలేదు, అది వేరే సంగతి. అమ్మానాన్నలను అడగకుండా వేశారన్న తప్పు మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత 2019లో మందుల ప్రయోగాలపై కొత్త నియమాలు వచ్చాయి. సమాచార పత్రం, సంతకమైన సమ్మతి పత్రం నకలు పాల్గొన్న మనిషికి ఇవ్వాలన్నాయి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలనీ చెప్పాయి. కానీ ప్రయోగంలో చేరినా చేతిలో కాగితమే లేని కూలీ పరిహారం ఏమని అడుగుతాడు? అర్ధరాత్రి జ్వరం ముంచుకొస్తే, అతను ఏ మందు మింగాడో ఊళ్లో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? పరిశోధనలు వద్దనడం లేదు. అవి లేనిదే కొత్త మందు రాదని మాకూ తెలుసు.

మేం కోరేది ఒకటే. తనిఖీకి వచ్చే మీ అధికారులు ఫైళ్లు చూసి వెళ్లిపోకూడదు. పాల్గొన్నవారిలో కొందరిని విడిగా కలిసి తెలుగులో అడగాలి: నకలు ఇచ్చారా, చదివి వినిపించారా, ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చని చెప్పారా? లేదన్న చోట, లోపం సరిదిద్దేదాకా కొత్తవారిని చేర్చుకోవడం ఆపించండి.

ఇట్లు,
ఒక తెలుగు పౌరుడు